ములుగు రోడ్డు షెడ్డులోకి వీఎంసీ: కొనేదాకా రాసుకున్న డైరీ

జనవరి 6, 2025

నిన్న రాత్రి పదకొండు దాటాక వరంగల్‌లో ఎనుమాముల దగ్గరి జిన్నింగ్ మిల్లు నుంచి ఫోను. బేరింగ్ హౌసింగ్ పగిలింది, రెండు కావాలి, పొద్దుటికల్లా కావాలి. పత్తి సీజన్‌లో మిల్లు ఆగిందంటే యార్డులో బండ్లు బారులు తీరతాయి. అందుకే ఆ గొంతులో బతిమాలడం ఉండదు. బాపు, నేను, తమ్ముడు ముగ్గురం పోయి ములుగు రోడ్డులోని మా మిషన్ షాపు షెడ్డు తెరిచాం. లేత్ మీద ఫోర్‌జా చక్‌లో పెట్టి బోర్ కొట్టాం, కింది పాదం పాత హెచ్‌ఎంటీ ఎఫ్‌ఎన్2 మిల్లింగ్ మిషను మీద చదును చేశాం. డయల్ పెట్టి సెంటర్ దొరకబట్టడానికే ఒక్కోదానికి ముప్పావు గంట. అయిపోయేసరికి నాలుగున్నర.

ఇదంటే చేతనైన పని. అదే మిల్లు గేర్‌బాక్స్ కేసింగ్ తెచ్చి ఉంటే చేతులెత్తేసేవాళ్ళం. దాంట్లో రెండు బోర్ల మధ్య దూరం 125 మి.మీ., తేడా 0.02 దాటొద్దు. అలాంటివన్నీ హైదరాబాద్ పంపుతాం, ఐదారు రోజులకు తిరిగొస్తాయి. పోయిన ఏడాది అట్లా బయటి వీఎంసీల (కంప్యూటర్ ప్రోగ్రాము ప్రకారం తనంతట తానే కోసే నిలువు మిల్లింగ్ మిషన్ల) వాళ్ళకు ఎంత కట్టామో ఇవాళ కూర్చుని లెక్క తీశాను. 5 లక్షల 80 వేలు. బండి కిరాయిలు కాక.

మనమే ఒక వీఎంసీ పెట్టుకుంటే ఎట్లా ఉంటుంది, పెడితే ఏది పెట్టాలి అన్నది తేలేదాకా ఈ పుస్తకంలో రాస్తూ పోతాను.

జనవరి 28

బెంగళూరులో ఐఎంటెక్స్ మిషన్ల ఎగ్జిబిషన్ చూసి పొద్దున్నే దిగాను. తుమకూరు రోడ్డు మీద బీఐఈసీ ప్రాంగణంలో ఈసారి 23 నుంచి 29 దాకా పెట్టారు. రెండు రోజులు తిరిగినా హాళ్ళు పూర్తి కాలేదు, కాళ్ళు మాత్రం పూర్తయ్యాయి. ఐదు దిక్కుల్లో కదిలే ఫైవ్ ఆక్సిస్ మిషన్లు టర్బైన్ బ్లేడు చెక్కుతుంటే ముందు జనం కదలరు. నేనూ కదల్లేదు. మనకు పనికొచ్చే సాదా త్రీ ఆక్సిస్ మిషన్లేమో మూలకు ఉంటాయి, వాటి దగ్గర సేల్స్ అబ్బాయి ఒక్కడే ఫోను చూసుకుంటూ ఉంటాడు. అక్కడైతే తీరిగ్గా మాట్లాడొచ్చు.

సంచీ నిండా కేటలాగులు. బాపు ఒక్కోటీ తిప్పి చూసి పక్కన పెట్టాడు.

"బొమ్మలు మంచిగున్నయి. ముందుగాల మన చలాన్ పుస్తకాలు తీస్కరా."

ఫిబ్రవరి 4

బాపు చెప్పిందే చేశాం. రెండేళ్ళ చలాన్ పుస్తకాలు ముందు వేసుకుని మిల్లింగ్ పడ్డ ప్రతి జాబుకూ పొడవు, వెడల్పు, ఎత్తు, మెటీరియల్, ఎన్ని పీసులు, దాంట్లో అన్నిటికంటే టైట్ టాలరెన్స్ (కొలతలో ఒప్పుకునే తేడా) ఎంత అని తమ్ముడు కంప్యూటర్లో ఎక్కించాడు. మూడు సాయంత్రాలు పట్టింది. మొత్తం 318 జాబులు.

చూస్తే కళ్ళు తెరుచుకున్నాయి. 700 మి.మీ. కంటే పొడవైనవి తొమ్మిదే తొమ్మిది. వాటిలో ఆరు కరీంనగర్ గ్రానైట్ కోత మిషన్లవి, ఒకే పార్టీ. మిగిలినవి జిన్నింగ్ హౌసింగులు, రైస్ మిల్లు స్పేర్లు, సిరిసిల్ల పవర్‌లూమ్‌ల క్యాములు, లివర్లు. ఎక్కువ భాగం 400 లోపు. ఐదింట నాలుగు కాస్ట్ ఐరనో మైల్డ్ స్టీలో. ఇక పీసుల సంఖ్య చూస్తే, నాలుగింట మూడు ఆర్డర్లు ఐదు పీసులు, అంతకంటే తక్కువ.

ఈ చివరి అంకె ముఖ్యం. కేటలాగు మొదటి పేజీలో పెద్ద అక్షరాలతో వేసేవి మూడు: టేబుల్ నిమిషానికి 48 మీటర్లు పరిగెత్తుతుంది, టూల్ రెండు సెకన్లలో మారుతుంది, టూల్‌ను తిప్పే స్పిండిల్ నిమిషానికి 12,000 చుట్లు తిరుగుతుంది. రోజూ ఒకటే పీసు వెయ్యి కొట్టేవాడికి అవి డబ్బులు. మాకు టూల్ మార్పులో నాలుగు సెకన్లు మిగిలితే, ఎనిమిది టూళ్ళ జాబులో పీసుకు అర నిమిషం. ఐదు పీసులకు రెండున్నర నిమిషాలు. ఆ లోపు నేను టీ కూడా తాగను. మాకు టైమంతా పోయేది జాబు కట్టడంలో, సెంటర్ పట్టడంలో.

అయితే టూల్ చేంజర్‌లో ఎన్ని టూళ్ళు పడతాయి అన్నది మాత్రం మాకు అవసరమే. ఫేస్ మిల్లు, మూడు నాలుగు డ్రిల్లులు, ఎం8, ఎం10, ఎం12 ట్యాపులు, బోరింగ్ బార్ ఎప్పుడూ అందులోనే ఉండిపోవాలి, ప్రతి జాబుకూ తీసి పెట్టే పని ఉండకూడదు. గొడుగు రకం చేంజర్‌లో 16 లేదా 20 వస్తాయి, ఆర్మ్ రకంలో 24. గొడుగు రకం నిదానమే కానీ లోపల చెడిపోయే భాగాలు తక్కువ. 20 టూళ్ళ గొడుగు దొరికితే చాలనుకున్నాం.

సైజు తేలిపోయింది. ఎక్స్ (అడ్డంగా కదిలే దూరం) 800, వై (ముందుకూ వెనక్కీ) 450, జడ్ (పైకీ కిందికీ) 500 మి.మీ. కరీంనగర్ పార్టీ జాబులు రెండు సార్లు జరిపి కట్టి కొడతాం. తొమ్మిది జాబుల కోసం వెయ్యి మి.మీ. మిషను కొనలేం.

ఫిబ్రవరి 13

మినీ మేడారం జాతర రోజులు. ములుగు రోడ్డంతా బస్సులు, జీపులు. జాబులు తెచ్చేవాళ్ళు లేరు కాబట్టి స్పిండిల్ లెక్క పట్టుకుని కూర్చున్నాను.

రెండు కొటేషన్లున్నాయి. రెండింటిలోనూ స్పిండిల్ మోటార్ "7.5/11 కిలోవాట్లు" అనే ఉంది. మొదటి అంకె రోజంతా లాగేది, రెండోది 15 నిమిషాలో అరగంటో మాత్రమే లాగేది. అక్కడిదాకా రెండూ ఒకటే. తేడా ఎక్కడుందంటే, ఆ పూర్తి పవర్ ఎన్ని ఆర్‌పీఎం దగ్గర మొదలవుతుంది అన్న దాంట్లో. ఒకదానికి 1500, ఇంకోదానికి 2000. ఇది కేటలాగులో ఉండదు. అడిగితే ఒక గ్రాఫ్ పంపారు.

మా రోజువారీ పని పెట్టి చూశాను. 63 మి.మీ. ఫేస్ మిల్లు, ఐదు ఇన్సర్టులు (కోసే పళ్ళు), మైల్డ్ స్టీలు. కటింగ్ స్పీడ్ నిమిషానికి 150 మీటర్లు అనుకుంటే స్పిండిల్ తిరగాల్సింది దాదాపు 760 ఆర్‌పీఎం. పంటికి 0.15 చొప్పున ఫీడు నిమిషానికి 570. వెడల్పు 45, లోతు 3 మి.మీ. కోస్తే నిమిషానికి దాదాపు 77 ఘన సెంటీమీటర్ల లోహం ఊడుతుంది. మైల్డ్ స్టీలును కోయడానికి చదరపు మి.మీ.కు దాదాపు 2000 న్యూటన్ల బలం కావాలి అని పట్టుకుంటే 2.6 కిలోవాట్లు. బెల్టులో, బేరింగుల్లో పోయేది కలిపితే 3.2.

ఇప్పుడు అసలు సంగతి. పూర్తి పవర్ 1500 దగ్గర వచ్చే మోటార్ 760 దగ్గర ఇచ్చేది సగం, అంటే 3.8 కిలోవాట్లు. నా కోత హాయిగా పడుతుంది. 2000 దగ్గర వచ్చే మోటార్ ఇచ్చేది 2.85. అది కాసేపు లాగుతుంది, తర్వాత లోడ్ మీటర్ ఎర్రగీత దాటుతుంది. టార్క్‌లో, అంటే తిప్పే బలంలో చెప్పాలంటే ఒకటి 48 న్యూటన్ మీటర్లు, ఇంకోటి 36. పైకి చూస్తే రెండూ "7.5 కిలోవాట్ల" మిషన్లే, ధర కూడా ఇంచుమించు ఒకటే.

పైవైపు ఆర్‌పీఎం గురించి తమ్ముడు కొట్లాడాడు, పన్నెండు వేలది కావాలని. 6 మి.మీ. కార్బైడ్ ఎండ్‌మిల్లుతో అల్యూమినియం కొట్టాలంటే పదివేలు దాటాల్సిందే, నిజం. స్టీలులో అదే టూల్‌కు ఆరున్నర వేలు చాలు. మళ్ళీ చలాన్ షీటు తెరిచాం. అల్యూమినియం జాబులు రెండేళ్ళలో 22. ఎనిమిది వేల స్పిండిల్‌కే ఖాయం చేశాం. వాడికి కోపం తగ్గలేదు.

ఫిబ్రవరి 20

జడ్ 500 అంటే సరిపోతుందా అన్న అనుమానం పట్టుకుంది. ట్రావెల్ ఒకటే చూస్తే మోసపోతాం. స్పిండిల్ ముక్కు నుంచి టేబుల్ దాకా దూరం చూడాలి. ఈ మిషన్లలో అది మామూలుగా 150 నుంచి 650.

గేర్‌బాక్స్ కేసింగ్ ఎత్తు 200. 25 మి.మీ. డ్రిల్లు హోల్డరుతో కలిపి స్పిండిల్ ముక్కు నుంచి 300 కిందికి దిగుతుంది. టూల్ మారేటప్పుడు పైన 50 ఖాళీ ఉండాలి. మొత్తం 550. వైస్‌లో పెడితే వైస్ బెడ్ ఇంకో 110, అప్పుడు 660. పది మి.మీ. తక్కువ పడింది. ఎత్తు జాబులు వైస్‌లో పెట్టం, టేబుల్‌కే క్లాంపులు వేస్తాం కాబట్టి ఫర్వాలేదు.

కాలమ్ కింద 100 మి.మీ. దిమ్మ వేసి ఎత్తు పెంచి ఇస్తాం అని ఒక సేల్స్ ఇంజనీర్ ఊరించాడు. అట్లా చేస్తే కింది అంకె కూడా 150 కాస్తా 250 అవుతుంది. అప్పుడు వైస్‌లో 20 మి.మీ. ప్లేటు కట్టానంటే దాని పైభాగం 130 దగ్గర ఉంటుంది, స్పిండిల్ 250 కంటే కిందికి రాదు. నా దగ్గరి హోల్డరు, చిన్న ఎండ్‌మిల్లు కలిపి 110. ప్లేటును ముట్టుకోను కూడా ముట్టుకోదు. ప్రతి పల్చటి జాబు కింద ఇటుకలు పేర్చినట్టు బ్లాకులు పేర్చాలి. వద్దన్నాం.

మార్చి 9

ఇది రాయాలంటే సిగ్గుగా ఉంది కానీ రాస్తా.

జీడిమెట్లలో ఒక సెకండ్ హ్యాండ్ తైవాన్ మిషను ఉందని తెలిసింది. కొత్తదాంట్లో సగం ధర. ఫొటోలో తళతళలాడుతోంది. వేరే పార్టీ వస్తోంది, ఇవాళే టోకెన్ వెయ్యండి అన్నాడు అమ్మేవాడు. ఫోనులోనే 20 వేలు పంపేశాను. బాపుకు చెప్పలేదు.

నిన్న తమ్ముడితో కలిసి వెళ్ళి చూశాం. వాడు బాలానగర్‌లో టూల్ డిజైన్ నేర్పే సీఐటీడీలో సీఎన్‌సీ (కంప్యూటర్‌తో నడిచే మిషన్ల) కోర్సు చేసినవాడు. 1968 నుంచి ఉన్న సంస్థ, అక్కడ నేర్పిన పద్ధతి వాడి చేతిలో ఉంది. కవర్లు తియ్యలేదు, పెయింట్ చూడలేదు. జేబులోంచి డయల్ (ముల్లుతో సన్న తేడాలు చూపే గేజ్) తీసి స్పిండిల్‌కు అంటించి, టేబుల్‌ను ఒక దిక్కు నుంచి తెచ్చి సున్నా పెట్టాడు. మళ్ళీ రెండో దిక్కు నుంచి అదే పొజిషన్‌కు తెచ్చి చూశాడు. ఎక్స్ రెండు చివర్లలో తేడా 0.015. మధ్యలో, సరిగ్గా వైస్ ఉండే చోట, 0.05. ముల్లు వెనక్కి రాకుండా అక్కడే ఆగిపోయింది. మళ్ళీ చేశాడు, మళ్ళీ అంతే.

ఏళ్ళ తరబడి జాబులన్నీ టేబుల్ నడుమ కట్టి కొట్టారు కాబట్టి టేబుల్‌ను నడిపే బాల్ స్క్రూ అక్కడ అరిగింది. కంట్రోల్‌లో బ్యాక్‌లాష్ (దిక్కు మారేటప్పుడు వచ్చే వదులు) సర్దుబాటుకు ఆక్సిస్‌కు ఒక్క అంకె ఇస్తాం. మధ్యకు సరిపోయేలా ఇస్తే చివర్లు చెడతాయి, చివర్లకు ఇస్తే మధ్య చెడుతుంది. స్క్రూ మార్చాల్సిందే. పైగా ఆన్ చేయగానే ఎన్‌కోడర్ బ్యాటరీ అలారం, పారామీటర్ల బ్యాకప్ వాళ్ళ దగ్గర లేదు.

టోకెన్ వాపసు అడిగితే "మీరే వద్దంటున్నరు కద" అన్నాడు. ఇరవై వేలు పోయాయి. ఇంటికొచ్చాక బాపుకు చెప్పాను. తిట్టలేదు. "డయల్ ముందు, డబ్బులు ఎనుక" అని మళ్ళీ పేపర్ చదువుకున్నాడు. తిడితేనే నయముండేది.

మార్చి 30

ఉగాది. షెడ్డు బంద్. పచ్చడి తిని ఫోను పట్టుకుని కూర్చున్నా. వీఎంసీలున్న ఏడుగురు ఓనర్లకు పండుగ శుభాకాంక్షలు చెప్పి, ఆ సందులోనే ఒకటే ప్రశ్న అడిగాను: "అన్నా, మిషను ఆగితే మనిషి ఎన్ని రోజులకు వచ్చిండు?"

మిషను మంచిదేనా అని అడిగితే అందరూ మంచిదే అంటారు, కొన్నది వాళ్ళే కదా. ఇట్లా అడిగితే మాత్రం తేదీలతో సహా చెప్పారు. బాలానగర్, చర్లపల్లి వాళ్ళకు పొద్దున చెప్తే సాయంత్రం వస్తారు. వరంగల్, రామగుండం అనేసరికి లెక్క మారుతుంది. హైదరాబాద్ నుంచి వరంగల్‌కు నూట యాభై కిలోమీటర్లు, పెద్ద దూరమేం కాదు. కానీ సర్వీస్ ఇంజనీర్‌కు హైదరాబాద్‌లోనే రోజుకు మూడు కాల్స్ ఉంటే మన దగ్గరికి ఒక రోజంతా ఎందుకు ఖర్చు పెడతాడు? ఒక కంపెనీకి హైదరాబాద్‌లో ఇద్దరే మనుషులున్నారట, రాష్ట్రమంతా వాళ్ళే. ఇంకోదానికి ఏడుగురు, స్పేర్లూ అక్కడే నిల్వ. నా లిస్టులో మొదటి చోట ఉన్న మిషను ఈ ఒక్క మాటతో మూడో చోటికి పోయింది.

కంట్రోల్, అంటే మిషనును నడిపే కంప్యూటర్ సంగతి కూడా ఇట్లాగే తేలింది. సీమెన్స్ స్క్రీన్ మీద బొమ్మలతో ప్రోగ్రామ్ రాసుకోవడం నాకు నచ్చింది. కానీ ఇక్కడ ఐటీఐ చేసి వచ్చే పిల్లల్లో ఎక్కువమంది చేతికి అలవాటైంది ఫానుక్. రేపు ఆపరేటర్ మానేస్తే ఇంకొకడు దొరకాలి. ఫానుక్‌కే ఓటు.

ఏప్రిల్ 17

డెమో రోజు. బెంగళూరు కంపెనీ వాళ్ళ హైదరాబాద్ సెంటర్‌కు మా జాబునే తీసుకుపోయాం. వాళ్ళు రెడీగా పెట్టుకున్న అల్యూమినియం ముక్కలు ఎట్లా కోసినా మెరుస్తాయి. మేం తీసుకుపోయింది కాస్ట్ ఐరన్ హౌసింగ్, పైన ఇసుక పొర ఇంకా అంటుకునే ఉంది. 6210 బేరింగ్ కూర్చునే 90 మి.మీ. బోర్, హెచ్7. అంటే 90.000 నుంచి 90.035 మధ్య రావాలి.

ముందు ఒక చిన్న గొడవ. పొజిషనింగ్ యాక్యురసీ కాగితంలో ప్లస్ ఆర్ మైనస్ 0.005 అని ఉంది. ఏ స్టాండర్డ్ ప్రకారం అని తమ్ముడు అడిగాడు. జేఐఎస్ అన్నారు. జపాన్ వాళ్ళ ఆ పాత లెక్కలో అంకె చిన్నగా కనబడుతుంది. జర్మన్ల విడిఐ 3441 లెక్కలో ప్రతిసారీ వచ్చే చెదురు కూడా కలుపుతారు కాబట్టి అదే మిషనుకు అంకె పెద్దదవుతుంది. వేరే కంపెనీ విడిఐలో 0.010 అని రాస్తే మేం దాన్ని నాసిరకం అనుకున్నాం ఇన్నాళ్ళూ. రెండింటినీ ఐఎస్‌ఓ 230-2 ప్రకారం రాసిమ్మని ఇద్దరికీ మెయిల్ పెట్టాం.

బోర్‌ను బోరింగ్ బార్‌తో కాకుండా ఎండ్‌మిల్లుతో గుండ్రంగా తిప్పి కొట్టమన్నాను. బోరింగ్ బార్ అయితే స్పిండిల్ గుండ్రాన్నే చూపిస్తుంది. ఎండ్‌మిల్లు గుండ్రంగా తిరగాలంటే ఎక్స్, వై రెండూ కలిసి నడవాలి, ఎక్కడ తడబడ్డా బోర్‌లో గీత పడుతుంది. కూలెంట్ ఆపి, రజను గాలితో ఊది, పావుగంట చల్లారనిచ్చాం. బోర్ గేజ్‌ను రింగ్ మీద సున్నా చేసి తమ్ముడే కొలిచాడు. ఎక్స్ దిక్కు 90.012. వై దిక్కు 90.019. నలభై ఐదు డిగ్రీల మీద 90.015. వేలితో లోపల తడిమితే నాలుగు చోట్ల, దిక్కు మారే దగ్గర, ఉందా లేదా అన్నట్టు చిన్న గీత. బేరింగ్‌కు ఇది చాలు.

మిషను ఎంత గుండ్రంగా తిరుగుతుందో కొలిచే బాల్‌బార్ టెస్టు ప్రింటు అడిగితే ఇచ్చారు. ఇంకో కంపెనీ దగ్గర ఇదే అడిగితే "అది సర్వీస్ డిపార్ట్‌మెంట్ వాళ్ళ దగ్గర ఉంటది సార్" అని ఇప్పటిదాకా పంపలేదు.

బాపు డెమో అంతా చేతులు కట్టుకుని చూశాడు. చివర్లో ఒక్కటే అడిగాడు: "నడుమ కరెంటు పోతే ఏమైతది?"

అప్లికేషన్ ఇంజనీర్ నవ్వి, మెయిన్ స్విచ్ కట్ చేసి చూపించాడు. జడ్ బ్రేకు పట్టుకుంది, తల కిందికి జారలేదు. స్పిండిల్ కాసేపు దానంతటదే తిరిగి ఆగింది. మళ్ళీ ఆన్ చేస్తే జాబు సున్నా (కొలతలు మొదలయ్యే చోటు) పోలేదు. టూల్ జాబులో ఉండగా పోతే మాత్రం ఇన్సర్ట్ మీద ఆశ వదులుకోవాలి. ఏ టూల్ దగ్గర ఆగితే అక్కడి నుంచే మళ్ళీ మొదలుపెట్టేలా ప్రోగ్రామును టూల్ టూల్‌కు విడగొట్టి రాయమన్నాడు. ఇది మాకు అవసరమైన పాఠమే.

మే 11

బయట 43. షెడ్డులో రేకుల కింద ఎంతో చూడలేదు, చూసి చేసేదేం లేదు. చాలా మిషన్ల కాగితాల్లో చుట్టూ వేడి 40 లేదా 45 డిగ్రీల లోపు ఉండాలని ఉంటుంది. కరెంటు ప్యానెల్‌కు మామూలుగా ఇచ్చేది గాలి మార్పిడి పరికరం, అంటే బయటి గాలి ఎంత వేడిగా ఉంటే లోపల అంతకంటే ఎక్కువే. ప్యానెల్ ఏసీ అదనం, దాదాపు అరవై వేలు. మే నెలలో డ్రైవ్ ట్రిప్ అయి రెండు రోజులు కూర్చుంటే ఆ డబ్బు పోయినట్టే. తీసుకుంటున్నాం.

వేడి వల్ల కొలత కూడా కదులుతుంది. అర మీటరు ఉక్కు పది డిగ్రీలు వేడెక్కితే 57 మైక్రాన్లు సాగుతుంది. పొద్దున ఏడింటికి పెట్టిన సున్నా మధ్యాహ్నం మూడింటికి నమ్మకూడదు. ఫినిషింగ్ బోర్లన్నీ పొద్దున పూటే, స్పిండిల్‌ను పావుగంట ఉత్తగా తిప్పాకే. ఇది గోడ మీద రాయించాలి.

వోల్టేజీ ఒక వారం నోట్ చేశాం. ఫేజుల మధ్య 372 నుంచి 438 దాకా ఊగింది. 30 కేవీఏ సర్వో స్టెబిలైజర్ తప్పదు. మీటర్ పెట్టి న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య చూస్తే 9 వోల్టులు! సర్వీస్ వాళ్ళు రెండు దాటితే మిషను ఆన్ చెయ్యమంటున్నారు. పాత ఎర్త్ పిట్ తవ్వితే జీఐ పైపు తుప్పు పట్టి సగానికి తెగి ఉంది. ఇన్నేళ్ళూ వెల్డింగ్ మిషను ముట్టుకుంటే జిల్లుమనేది ఇందుకన్నమాట. రాగి ప్లేట్లతో రెండు కొత్త పిట్లు వేశాం, ఇప్పుడు 1.4. ఎన్‌పీడీసీఎల్‌లో అదనపు లోడుకు దరఖాస్తు కూడా పెట్టేశాం.

జూన్ 8

డబ్బు లెక్క. త్వరగా రాసేస్తాను, దీన్ని ఎంత చూసినా తగ్గదు.

మిషను 27 లక్షల 50 వేలు. 18 శాతం జీఎస్టీ 4 లక్షల 95 వేలు, తర్వాత ఇన్‌పుట్ క్రెడిట్‌లో వస్తుంది కానీ ముందు జేబులోంచి పోవాల్సిందే. స్టెబిలైజర్, కంప్రెసర్, హోల్డర్లు, రెండు వైసులు, కటర్లు, ఎర్త్, ఫ్లోరింగ్, రవాణా, హైడ్రా క్రేన్ కిరాయి కలిపి 6 లక్షల 20 వేలు. మిషను ఒక్కటే చూసుకుని దిగినవాళ్ళు ఇక్కడే ఇరుక్కుంటారు. టూళ్ళకు డబ్బు లేక, ముప్పై లక్షల మిషనులో మూడు హోల్డర్లతో నెట్టుకొచ్చేవాళ్ళను ఇద్దర్ని చూశాను.

బ్యాంకు 25 లక్షలు ఇస్తోంది, చిన్న పరిశ్రమల అప్పులకు హామీ ఇచ్చే సీజీటీఎంఎస్‌ఈ గ్యారంటీ మీద, ఇల్లు తాకట్టు లేకుండా. పదిన్నర శాతం వడ్డీ, అరవై నెలలు, నెలకు 53,735. మిగతాది చిట్టీ ఎత్తాం, బాపు ఫిక్స్‌డ్ డిపాజిట్ ఒకటి విరిచాం.

నెలకు 200 గంటలు షిఫ్టు. అందులో మిషను నిజంగా కోసేది 120 గంటలు అనుకుంటే కిస్తీ ఒక్కటే గంటకు దాదాపు 450 పడుతుంది. ఆపరేటర్, కరెంటు, టూళ్ళు కలిపితే ఎనిమిది వందలు దాటుతుంది. జాబ్‌వర్క్ రేటుతో పోటీ పడి హైదరాబాద్ వాళ్ళ మీద గెలవలేం. మన గిరాకీ కొలతలతో పాటు టైము కూడా కొంటున్నాడు, అర్ధరాత్రి ఫోను చేసే మిల్లు వాళ్ళే దానికి సాక్ష్యం. రేటు అట్లాగే వేస్తాం.

ఆర్డర్ ఇచ్చేశాం. చివరి కాగితంలో చేర్చినవి: ప్యానెల్ ఏసీ, చిప్ ట్రే బదులు కన్వేయర్, నాలుగో ఆక్సిస్ వైరింగ్. దాని మీద జాబును తిప్పే రోటరీ టేబుల్ ఇప్పుడు కొనలేం కానీ వైరింగ్ తర్వాత వేయించాలంటే మూడింతలవుతుంది. స్పిండిల్‌లోంచి వచ్చే కూలెంట్ వద్దన్నాం. జాబును తాకి సెంటర్ పట్టే ప్రోబ్ కావాలని తమ్ముడు మూడు రోజులు మౌనవ్రతం పట్టాడు, ఒప్పేసుకున్నాం. సెంటర్ పట్టే టైమే కదా మాకు మొదటి నుంచీ తినేసేది, వాడి మాటలోనూ న్యాయం ఉంది.

జూలై 5

ఫ్లోరింగ్ పోశాం. అడుగు మందం, రెండు వరసల ఇనుము. 28 రోజులు ముట్టుకోవద్దు. వాన పడుతోంది కాబట్టి తడపడానికి ఎవర్నీ పెట్టలేదు.

షట్టరు ఎత్తు 2.9 మీటర్లు. మిషను ఎత్తు 2.75 అని డ్రాయింగ్‌లో ఉంది, సరే అనుకున్నాం. ట్రాలీ మీద ఉన్నప్పుడు ఎంత అని మేస్త్రి అడిగాడు. ట్రాలీ చక్రాలు ఇంకో 20 సెంటీమీటర్లు. మళ్ళీ ఫోన్లు. జడ్ మోటార్ విప్పి పంపిస్తే 2.6 అవుతుందట.

ఆగస్టు 12

వచ్చింది. బెంగళూరు నుంచి లారీ నిన్న రాత్రి మడికొండ దగ్గరే పడుకుంది. పొద్దున హైడ్రా దింపింది, పైపుల మీద నెట్టుకుంటూ లోపలికి పెట్టారు. నాలుగున్నర టన్నులు. షట్టరు కింద నాలుగు వేళ్ళ సందు మిగిలింది. అది దాటేదాకా ఎవరూ మాట్లాడలేదు.

ఆగస్టు 20

లెవెల్ అయింది, మీటరుకు 0.02 లోపు. కూలెంట్‌కు బోరు నీళ్ళు పోద్దామనుకుంటే ఆపరేటర్ వద్దన్నాడు. గట్టి నీళ్ళతో కలిపితే తెల్ల మడ్డి కడుతుందట. వాటర్ ప్లాంటు నుంచి క్యాన్లు తెప్పించాం, ఇరవై వంతుల నీళ్ళకు ఒక వంతు కూలెంట్ ఆయిల్.

ఆగస్టు 26

మొదటి కూలి జాబు, అదే గేర్‌బాక్స్ కేసింగ్. దసరాకు ముందే మిల్లు వాళ్ళు ఓవర్‌హాలింగ్ పెట్టుకున్నారు. ప్రోబ్ నాలుగు సార్లు తాకింది, సెంటర్ దొరికింది. తమ్ముడు నా వైపు చూశాడు, నేను చూడనట్టు ఉన్నాను. రెండు బోర్లూ పొద్దున తొమ్మిది లోపే ఫినిష్ చేశాం. సెంటర్ దూరం 125.006. కింది బోర్ 4 మైక్రాన్లు టేపర్ ఉంది, బోరింగ్ బార్ పొడవు ఎక్కువైంది, పొట్టిది ఆర్డర్ పెట్టాలి.

బాపు కాసేపు అద్దంలోంచి చూసి, ఎఫ్‌ఎన్2 దగ్గరికి పోయి దాని మీద సిరిసిల్ల లివర్లకు కీ వే కొట్టడం మొదలుపెట్టాడు. ఆ పనికి వీఎంసీ మీద సెట్టింగ్ పెట్టేలోపు ఆయన మూడు పూర్తి చేస్తాడు. రేపు కేసింగ్ రెండో సైడు.